అమ్మానాన్నలు ఉన్న అనాథలు

2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు ఒక సూచన పంపింది. బాలల సంరక్షణ హోముల్లో ఉంటున్న పిల్లల్ని 100 రోజుల్లోగా వాళ్ల కుటుంబాల దగ్గరికి చేర్చాలన్నది దాని సారాంశం. ఆ ఎనిమిదిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. తమిళనాడు, కర్ణాటక, కేరళ, మహారాష్ట్ర, మిజోరం, మేఘాలయ మిగిలినవి. అప్పటి లెక్క ప్రకారం దేశం మొత్తమ్మీద హోముల్లో ఉన్న పిల్లలు 2.56 లక్షల మంది. అందులో 1.84 లక్షల మంది ఈ ఎనిమిది రాష్ట్రాల్లోనే ఉన్నారు.

అనాథాశ్రమంలో ఉన్న పిల్లల్ని ఏ కుటుంబానికి చేరుస్తారు అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. ఈ వ్యవస్థ గురించి బయటివాళ్లకు తెలియంది అదే. మన హోముల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు, కొందరికి ఇద్దరూ ఉన్నారు. జిల్లా ఆఫీసుల్లో వీళ్లను సెమీ ఆర్ఫన్, అంటే సగం అనాథ అని రాసుకుంటారు. భర్త పోయి కూలి పనితో ఇల్లు నెట్టుకొస్తున్న తల్లి, భార్య గల్ఫ్‌కు వెళ్తే తాగుడుకు బానిసైన తండ్రి, రెండో పెళ్లి చేసుకున్నాక మొదటి భార్య పిల్లల్ని ఇంట్లో ఉంచుకోలేని మనిషి, పాలమూరు నుంచో అనంతపురం నుంచో ఏటా ఆరు నెలలు ఇటుక బట్టీలకు పోయే దంపతులు. పిల్లల్ని తీసుకొచ్చి అప్పగించేది ఎక్కువగా ఇలాంటివాళ్లే. 2000 తర్వాతి పదేళ్లలో కోస్తా జిల్లాల్లో ఎయిడ్స్ వల్ల నిజంగానే అమ్మానాన్నలిద్దరినీ పోగొట్టుకున్న పిల్లలు చాలామంది ఉండేవారు. ఆ తరం పెద్దదైపోయింది. వాళ్ల కోసం వెలిసిన హోములు చాలావరకు మిగిలాయి.

తల్లిదండ్రుల్ని తప్పుపట్టడం తేలిక. కానీ వాళ్లు హోమ్‌ను అనాథాశ్రమంగా చూడటం లేదు, హాస్టల్‌గా చూస్తున్నారు. అక్కడైతే మూడు పూటలా తింటాడు, ఇంగ్లీష్ మీడియం చదువుతాడు అన్నదే లెక్క. పిల్లల్ని చదువు కోసం దూరంగా పెట్టడం తెలుగు రాష్ట్రాల్లో కొత్తేమీ కాదు, కలిగినవాళ్లు కూడా ఇంటర్‌కు కార్పొరేట్ హాస్టళ్లలో వేస్తూనే ఉన్నారు. ఒక్క తెలంగాణలోనే వెయ్యి దాకా ప్రభుత్వ గురుకులాలున్నాయి. అయితే గురుకుల ప్రవేశాలు సాధారణంగా 5వ తరగతి నుంచి మొదలవుతాయి, కస్తూర్బా విద్యాలయాల్లో 6 నుంచి. ఆరేళ్ల పిల్లాడిని ఊళ్లో ఎవరికి అప్పజెప్పి వలస పోవాలన్నది ఆ తల్లి సమస్య. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా, ప్రభుత్వం పెద్దగా పట్టించుకోని ఆ నాలుగేళ్లలోనే ప్రైవేటు హోమ్ గుర్తొస్తుంది. సర్వశిక్షా అభియాన్ కింద వలస ప్రాంతాల్లో నడిపిన సీజనల్ హాస్టళ్లు ఈ అవసరాన్ని కొంతవరకు సరిగ్గా పట్టుకున్నాయి. పిల్లలు సొంత ఊరి బడిలోనే చదువుతారు, రాత్రిళ్లు అక్కడే ఉంటారు, అమ్మానాన్నలు తిరిగొచ్చాక ఇంటికెళ్లిపోతారు. ఖర్చు తక్కువ, బంధం తెగదు. ఇలాంటి ఏర్పాటును బాలల సంరక్షణలో భాగంగా ఎవరూ లెక్కించరు, అది విద్యాశాఖ పనిగా మిగిలిపోతుంది. బడ్జెట్ తగ్గినప్పుడు ముందు కోత పడేది ఇలాంటి వాటికే.

మరి దక్షిణాది రాష్ట్రాల్లో ఇంతమంది పిల్లలు హోముల్లో ఎందుకున్నారు? పేదరికమే కారణమైతే బీహార్, ఉత్తరప్రదేశ్ ముందుండాలి. ఆ జాబితాలో అవి లేనే లేవు. ఇక్కడ హోములు ఎక్కువ కాబట్టి పిల్లలూ ఎక్కువ. మిషనరీ సంస్థలు, ట్రస్టులు, విదేశీ విరాళాలతో నడిచేవి, ఆధ్యాత్మిక సంస్థల అనుబంధ ఆశ్రమాలు, ఒక మంచి మనిషి ఒంటిచేత్తో మొదలుపెట్టినవి, అన్ని రకాలూ ఉన్నాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వేసిన కమిటీ 2018లో ఇచ్చిన నివేదికలో దేశంలో 9,589 హోములు లెక్కతేలాయి. వాటిలో 91 శాతం స్వచ్ఛంద సంస్థలవే. బాలల న్యాయ చట్టం కింద రిజిస్టరైనవి అప్పటికి మూడోవంతు మాత్రమే. తక్కినవి ఏ చట్టం కింద నడుస్తున్నాయో, అసలు ఏదైనా చట్టం కింద నడుస్తున్నాయో ఒక్కో దానిదీ ఒక్కో కథ.

హోమ్‌కు డబ్బు తలల లెక్కన వస్తుంది. ప్రభుత్వ గ్రాంటైనా, దాత పంపే చెక్కయినా ఎంతమంది పిల్లలున్నారు అన్న దానిమీదే ఆధారపడుతుంది. 50 మందికి అనుమతి తెచ్చుకుని 28 మంది ఉన్న హోమ్ నిర్వాహకుడికి మిగతా 22 మంచాలు నష్టం కిందే లెక్క. మోసగాడు కానక్కర్లేదు, వంట మనిషి జీతం, బియ్యం ఖర్చు చూసుకునే ఏ మామూలు మనిషైనా అలాగే ఆలోచిస్తాడు. తెలిసిన పాస్టర్‌కో, పక్క మండలంలోని టీచర్‌కో ఒక మాట చెబుతాడు. పిల్లలు వస్తారు. వచ్చిన పిల్లాడిని త్వరగా ఇంటికి పంపడం వల్ల ఈ ఏర్పాటులో ఎవరికీ లాభం లేదు.

ఇప్పటిదాకా సంస్కరణ అంటే హోములను బాగుచేయడం అనే అర్థమే నడిచింది. 2018లో బీహార్‌లోని ముజఫర్‌పుర్ బాలికా గృహంలో ఆడపిల్లలపై లైంగిక అత్యాచారాల ఘోరం బయటపడ్డాక దేశమంతా తనిఖీలు జోరందుకున్నాయి. ఆ దారుణాన్ని బయటపెట్టింది టాటా సామాజిక శాస్త్రాల సంస్థ చేసిన సోషల్ ఆడిట్. నిందితులకు 2020లో శిక్షలు పడ్డాయి. తర్వాత ప్రతి జిల్లాలో అడిగినవి సీసీ కెమెరాలు, మరుగుదొడ్లు, ఫైర్ సర్టిఫికెట్, సిబ్బంది పోలీస్ వెరిఫికేషన్. అన్నీ అవసరమే, కాదనలేం. ఆ తనిఖీ పత్రాల్లో బలహీనంగా ఉండిపోయింది మాత్రం ఒకే ప్రశ్న: ఈ పిల్ల ఇక్కడికి ఎందుకు వచ్చింది, ఇంకా ఎందుకు ఉంది?

చట్టం ఆ ప్రశ్న అడగమనే చెబుతోంది. 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన 2015 నాటి బాలల న్యాయ చట్టం, పిల్లల్ని సంస్థలో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాక తీసుకోవాల్సిన చివరి చర్య అని 3వ సెక్షన్‌లోనే రాసింది. రక్షణ అవసరమైన పిల్లలు దొరికితే 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి, ఆ పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఈ సమితే. పదిహేను రోజుల్లో సామాజిక పరిశోధన నివేదిక రావాలి, నాలుగు నెలల్లో సమితి తుది ఉత్తర్వు ఇవ్వాలి. ప్రతి పిల్లకూ విడిగా సంరక్షణ ప్రణాళిక ఉండాలి. 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలైతే ఇంకా సూటిగా చెప్పాయి: పేదరికం ఒక్కటే కారణంగా ఏ పిల్లనూ కుటుంబం నుంచి వేరుచేయకూడదు.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నది సమితి గదిలో ఎందుకు కరిగిపోతుంది? సమితిలో అధ్యక్షులు, నలుగురు సభ్యులు. బెంచ్ కూర్చున్న రోజు ముందున్న ఫైళ్లలో పారిపోయి వచ్చినవాళ్లు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు బాధితులు, జనవరిలో ఆపరేషన్ స్మైల్ లేదా జులైలో ముస్కాన్ కింద పోలీసులు పట్టుకొచ్చిన బాల కార్మికులు ఉంటారు. వీళ్ల మధ్యలో ఒక తల్లి, ఏడేళ్ల కొడుకు. ఎవరూ కొట్టలేదు, ఎక్కడా తప్పిపోలేదు. సాకలేకపోతున్నానంటోంది. నివేదికలో కుటుంబ ఆర్థిక పరిస్థితి బాగోలేదని, పిల్లాడి చదువు దృష్ట్యా హోమ్‌లో ఉంచడం మేలని రెండు వాక్యాలుంటాయి. తల్లే అడుగుతోంది, హోమ్ ఒప్పుకుంటోంది, ఇవాళే ఉత్తర్వు ఇచ్చేయొచ్చు. రెండో దారి స్పాన్సర్‌షిప్, అంటే పిల్లాడు ఇంట్లోనే పెరిగేలా కుటుంబానికి నెలనెలా ఇచ్చే ప్రభుత్వ సాయం. దానికి దరఖాస్తు, కమిటీ ఆమోదం, నిధుల విడుదల కావాలి, నెలలు పడుతుంది. ఈ నెలల్లో ఆ పిల్లాడు ఏం తినాలి అని సభ్యులు అడిగితే జిల్లా యంత్రాంగం దగ్గర జవాబుండదు. సంతకం హోమ్ ఉత్తర్వు మీదే పడుతుంది.

కరోనా వచ్చినప్పుడు ఈ ప్రవాహం ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో హోముల్లోని పిల్లల గురించి తనంతట తానే కేసు చేపట్టింది. లాక్‌డౌన్ మొదట్లో హోముల్లో 2,27,518 మంది ఉండగా వారిలో 1,45,788 మందిని కుటుంబాల దగ్గరికి పంపినట్టు ఆ ఏడాది చివరికి కోర్టుకు లెక్క చెప్పారు. పదేళ్ల విధానపత్రాలు చేయలేని పనిని వైరస్ కొన్ని నెలల్లో చేసేసింది. ఈ అంకెను రెండు రకాలుగా చదవొచ్చు. అరవై శాతానికి పైగా పిల్లలకు వెళ్లడానికి ఒక ఇల్లు ఉందని తేలిపోయింది, ఇది మొదటిది. ఇంటికి పంపే ముందు అక్కడ ఎవరున్నారో, తిండి ఉందో లేదో, ఏ కారణంతో పిల్ల బయటికొచ్చిందో ఆ కారణం ఇంకా అక్కడే ఉందో చూసే తీరిక లేకుండా పంపారన్నది రెండోది. పదకొండేళ్ల ఆడపిల్లను మారుటి తండ్రి ఉన్న ఇంటికి పంపడమూ, పండక్కి వచ్చే పిల్లాడిని అమ్మమ్మ దగ్గరికి పంపడమూ అంకెల్లో ఒకటిగానే కనిపిస్తాయి. ఇంటికి చేరిన పిల్లల చదువుకు నెలకు 2,000 రూపాయలు ఇవ్వాలని 2020 డిసెంబరులో కోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, పంపేటప్పుడు చేతిలో ఏమీ పెట్టలేదనే కదా.

100 రోజుల గడువులో ఉన్న లోపమూ ఇదే. కమిషన్ ఉద్దేశం సరైనదే, గడువే తప్పు. హోమ్‌లో అయిదేళ్లున్న పిల్లకు ఇల్లు కొత్త చోటు. తమ్ముడు అక్కను గుర్తుపట్టడు. ఊరి బడి మీడియం వేరు. తల్లికి ఇంకో నోరు. ముందు రెండు మూడు సార్లు సెలవులకు పంపి, ఇంటికెళ్లి చూసి, బడిలో చేర్పించి, ఆ తర్వాత ఏడాదిపాటు నెలకోసారి వెళ్లి పలకరిస్తే నిలబడుతుంది. అంత చేయాల్సిన మనుషులెవరు? జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో హోముల బయట సంరక్షణకంటూ ఉన్నది ఒక్క ప్రొటెక్షన్ ఆఫీసర్. ఊళ్లు తిరగడానికి ఇద్దరు అవుట్‌రీచ్ వర్కర్లు. అందరూ కాంట్రాక్టు ఉద్యోగులే.

డబ్బు విషయంలో మాత్రం గత కొన్నేళ్లలో నిజమైన మార్పు వచ్చింది. కేంద్రం నడిపే బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద కుటుంబంలో పెరుగుతున్న పిల్లకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇస్తున్నారు, అంతకుముందు ఇది 2,000 ఉండేది. తెలుగు రాష్ట్రాల్లో దీనిలో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించాలి. హోమ్‌లో ఉన్న పిల్ల పోషణకు ఇచ్చే గ్రాంటు 3,000, దానిమీద భవనం, సిబ్బంది ఖర్చు వేరే. ఇంట్లో ఉన్న పిల్లకు ఎక్కువ ఇవ్వడం అన్నదే ఈ రంగంలో ఎన్నాళ్లకో జరిగిన పెద్ద సంగతి. 2021-22లో హోముల బయట సాయం అందుకున్న పిల్లలు దేశంలో 30 వేల లోపే. 2023-24 నాటికి లక్ష దాటారు.

అయితే ఆ నాలుగు వేలు చేతికి రావాలంటే దాటాల్సిన గడపలున్నాయి. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 మించకూడదు. 72,000 అంటే నెలకు ఆరు వేలు. రోజుకు 300 కూలి చొప్పున నెలలో ఇరవై రోజులు పని దొరికినా ఒంటరి తల్లి ఆ గీతను తాకేస్తుంది. కాబట్టి ఆదాయ ధ్రువపత్రంలో రాసేది నిజమైన ఆదాయం కాదు, అర్హతకు సరిపోయే అంకె. తహసీల్దార్ ఆఫీసులో ఆ అంకె రాయించుకోగల పలుకుబడి ఉన్నవాళ్లకు సాయం అందుతుంది. అది లేనివాళ్లు హోమ్ గేటు దగ్గరికి వస్తారు. తర్వాత భర్త మరణ ధ్రువపత్రం. బెంగళూరులో మేస్త్రీ పనికి వెళ్లి అక్కడే పోయినవాడి పత్రం ఎక్కడ పుట్టించాలి? వదిలేసి వెళ్లిపోయిన భర్త సంగతి ఇంకా కష్టం. విడాకులు లేవు, చావు లేదు, మనిషి లేడు. ఒంటరి మహిళ అని రాసివ్వాల్సింది పంచాయతీ వాళ్లే, వాళ్లకేమో ఆ భర్త తరఫు బంధువులతో మొహమాటాలు. నాయనమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలకు ఆధార్‌లో చిరునామా ఒకటి, బడిలో ఒకటి, రేషన్ కార్డులో అసలు పేరే లేదు. మీ సేవకో సచివాలయానికో నాలుగు సార్లు తిరిగితే నాలుగు రోజుల కూలి పోతుంది.

ఇదే చోట మన రాష్ట్రాల రిజర్వేషన్ జాబితాలో ఉన్న ఒక నిబంధన గురించి చెప్పుకోవాలి, ఎందుకో దాని మీద చర్చ జరగదు. బీసీ-ఎ గ్రూపులో అనాథ పిల్లల్ని చేర్చారు. మంచి పనే. కానీ షరతులున్నాయి. పదేళ్ల లోపే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని ఉండాలి, చట్టం ప్రకారంగానీ ఆచారం ప్రకారంగానీ చూసుకునేవాళ్లు ఎవరూ ఉండకూడదు, పైగా ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన బడిలోనో అనాథాశ్రమంలోనో చేరి ఉండాలి. అంటే మేనమామ కష్టపడి ఇంట్లో పెట్టుకుని పెంచిన అనాథకు ఇది వర్తించదు. అదే మేనమామ ఆశ్రమంలో వేసి ఉంటే వర్తించే అవకాశముంది. చట్టం కుటుంబమే ముందు అంటోంది, రిజర్వేషన్ నియమం హోమ్ సర్టిఫికెట్ అడుగుతోంది.

నిజానికి తెలుగు సమాజంలో అమ్మానాన్నలకు దూరమైన పిల్లల్ని ఎక్కువమందిని మోస్తున్నది హోములూ కాదు, ప్రభుత్వమూ కాదు. అమ్మమ్మలు, పెద్దమ్మలు, మేనత్తలు. వీళ్లెవరికీ చట్టపరమైన సంరక్షకుల హోదా ఉండదు, అడగాలని తెలియదు కూడా. అరవై దాటిన అమ్మమ్మ తన పింఛను డబ్బుతో ఇద్దరు మనవళ్లను సాకుతుంటే ఆ ఇల్లు ఏ రికార్డులోనూ బాలల సంరక్షణ కిందకు రాదు. ఆమె మంచాన పడ్డ రోజున మాత్రం ఇద్దరూ సమితి ముందు నిలబడతారు.

ఇంటికి వెళ్లే వీలే లేని పిల్లలు కూడా ఉంటారు. కన్నవాళ్లే హింసించినవాళ్లు, పుట్టగానే ఆసుపత్రి దగ్గర వదిలేసినవాళ్లు. వీళ్లకు కాలం చాలా విలువైనది. రుమేనియాలో 1989 తర్వాత బయటపడ్డ అనాథాశ్రమాల సంగతి ప్రపంచానికి తెలుసు. బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, సగంమందిని ఫోస్టర్ కుటుంబాలకు, అంటే దత్తత లేకుండా తమ ఇంట్లో పెంచే కుటుంబాలకు పంపి, ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన ఒక విషయం తేల్చింది: రెండేళ్ల వయసులోపే కుటుంబంలోకి వెళ్లినవాళ్లు బాగా కోలుకున్నారు, ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం తగ్గింది. ఆ దేశం 2004లో చట్టం చేసి రెండేళ్ల లోపు పిల్లల్ని సంస్థల్లో పెట్టడాన్ని నిషేధించింది. మన చట్టంలోనూ గడువులున్నాయి. వదిలేసిన రెండేళ్ల లోపు పసివాళ్లను రెండు నెలల్లో, అంతకు పెద్దవాళ్లను నాలుగు నెలల్లో దత్తతకు అర్హులుగా ప్రకటించాలి. మధ్యలో చిక్కుకుపోయేది వదిలేసీ వదిలేయని పిల్లలు. ఏడాదికోసారి సంక్రాంతికి వచ్చి చూసిపోయే తండ్రి ఉంటే దత్తత కుదరదు, ఇంటికి తీసుకెళ్లడు కాబట్టి ఇల్లూ లేదు. పద్దెనిమిదేళ్లూ హోమ్‌లోనే గడిచిపోతాయి.

వీళ్లకు పనికొచ్చేది ఫోస్టర్ కేర్. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న ఒంటరి వ్యక్తులు కూడా పిల్లను తెచ్చుకుని పెంచొచ్చు, రెండేళ్లు పెంచాక దత్తతకు దరఖాస్తు చేసుకోవచ్చు. అంతకుముందు అయిదేళ్లు ఆగాల్సి వచ్చేది. నియమాలు బాగున్నాయి, ముందుకొచ్చే కుటుంబాలే తక్కువ. తెలుగువాళ్లకు పిల్లంటే సొంతమైనా కావాలి, దత్తతైనా కావాలి. పెంచి, రేపు కన్నతల్లి కోలుకుంటే తిరిగి అప్పగించాలన్న ఏర్పాటు మన మనసుకు పట్టదు. కులం ఏమిటన్న ప్రశ్న బయటికి అడగరు, లోపల ఉంటుంది. దత్తత పేరుతో జరిగిన అన్యాయాల జ్ఞాపకమూ ఇక్కడ ఉంది. 1999 నుంచి 2001 మధ్య తెలంగాణ తండాల్లో లంబాడా ఆడశిశువుల్ని కొని విదేశీ దత్తతలకు పంపిన ఏజెన్సీల వ్యవహారం రాష్ట్రాన్ని కుదిపేసింది. పేద తల్లి సంతకం ఎంత తేలిగ్గా దొరుకుతుందో అప్పుడే చూశాం. ఇప్పుడున్న కట్టుదిట్టమైన పద్ధతులు విసిగించే మాట నిజమే, కానీ అవి ఊరికే రాలేదు.

పద్దెనిమిది నిండాక ఏమిటన్నది అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునే సంగతి. 21 ఏళ్ల దాకా, మరీ అవసరమైతే 23 దాకా ఆఫ్టర్ కేర్ కింద సాయం చేయొచ్చని నియమాలు చెబుతున్నాయి, దానికీ నెలకు 4,000 ఉంది. కానీ డిప్లొమా చదివే కుర్రాడికి ఆ డబ్బు కంటే ముందు కావాల్సింది అద్దెకు గది ఇప్పించే ఒక పెద్దమనిషి పేరు, సెలవులకు వెళ్లడానికి ఒక ఇల్లు. చిన్నప్పుడు తెగిన చుట్టరికాలు అప్పుడు గుర్తొస్తాయి.

ఇక హోములు నడుపుతున్నవాళ్ల మాట. వాళ్లను దొంగలుగా చిత్రించి మూసేయిస్తే పిల్లలు రిజిస్ట్రేషన్ లేని ఇంకో చోటికి పోతారు. వాళ్ల దగ్గర భవనాలున్నాయి, వంటశాలలున్నాయి, పిల్లలతో మెలగడం తెలిసిన ఆయాలు, వార్డెన్లు ఉన్నారు. పగలు పిల్లల్ని చూసుకుని సాయంత్రం తల్లికి అప్పగించే కేంద్రంగానో, వలస నెలల హాస్టల్‌గానో మారడానికి ఇంతకన్నా పెద్దగా అక్కర్లేదు. గ్రాంటు లెక్కను హోమ్‌లో ఎంతమంది ఉన్నారు అన్నదాని నుంచి ఎంతమంది ఇళ్లలో నిలబడ్డారు అన్నదానికి మారిస్తే చాలామంది వాళ్లంతట వాళ్లే మారతారు. దాతల అలవాటు మార్చడం ఇంకొంచెం కష్టం. పుట్టినరోజుకో, పెద్దల సంవత్సరీకానికో ఆశ్రమంలో భోజనం పెట్టించడం మనకు ఆనవాయితీ. వరుసగా కూర్చున్న పిల్లలు కనిపిస్తారు, ఫొటో ఉంటుంది, తృప్తి ఉంటుంది. ఊళ్లో ఉన్న ఒక తల్లికి నెలనెలా పంపే నాలుగు వేలకు ఫొటో ఉండదు. మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ప్రైవేటు స్పాన్సర్‌షిప్‌కు చోటుంది, వ్యక్తులనూ సంస్థలనూ ఇందుకు ప్రోత్సహించాల్సిన బాధ్యత జిల్లా కలెక్టర్లకే ఉంది. ఒక పిల్లకు ఏడాదికి 48 వేలు. రెండు పుట్టినరోజు విందుల ఖర్చు.